హెవీ లైసెన్స్ సరే, ఏ లైను?

లారీ స్టీరింగ్ పట్టాలనుకునే కుర్రాళ్లను ఎందుకని అడిగితే రెండు మాటలు వినిపిస్తాయి. దేశం చూడొచ్చు. ఇంటికి నాలుగు డబ్బులు పంపొచ్చు. రెండూ నిజమే కానీ ఇంట్లో ఎన్ని రాత్రులు గడుపుతారన్నది లైనును బట్టి మారుతుంది. కలకత్తా లైనులో తిరిగే డ్రైవరు నెలలో ఇంట్లో పడుకునే రాత్రుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. హైదరాబాద్ చర్లపల్లి డిపో నుంచి చుట్టుపక్కల బంకులకు పెట్రోలు ట్యాంకర్ తోలే డ్రైవరు మాత్రం చాలా రోజులు రాత్రి భోజనానికి ఇంటికొచ్చేస్తాడు. ఇద్దరి జేబులోనూ ఉన్నది హెవీ లైసెన్సే. అందుకే జీతం సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు. ఏ లోడు, ఏ లైను అన్నది ముందు తేల్చుకోవాలి.

లైసెన్స్ దారి సూటిగానే ఉంటుంది. పద్దెనిమిది నిండాక ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్స్ తీసుకోవచ్చు. అది చేతికొచ్చి ఏడాది గడిచాక, 20 ఏళ్లు నిండినవాళ్లు రవాణా వాహనాల లైసెన్స్‌కు వెళ్లొచ్చు. ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న పాత నిబంధనను కేంద్రం 2019లో ఎత్తేసింది. అలాగని చదువు అక్కర్లేదనుకోకండి. సరుకుతో పాటు వెళ్లే ఈ-వే బిల్లులో బండి నంబరు తప్పు పడితే చూసి పట్టుకోవాల్సింది డ్రైవరే. రవాణా లైసెన్స్ అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. శిక్షణకు రాజన్న సిరిసిల్ల జిల్లా మండేపల్లిలో అశోక్ లేలాండ్ భాగస్వామ్యంతో నడిచే సంస్థ లాంటివి ఉన్నాయి. ఆటోనగర్‌లో క్లీనర్‌గా చేరి, గురువు నిద్రపోయినప్పుడు స్టీరింగ్ పట్టి నేర్చుకునే పాత పద్ధతి ఇంకా నడుస్తూనే ఉంది. దాంతో బండి మీద చెయ్యి తిరుగుతుంది కానీ బ్రేకు ఎందుకు ఫెయిలవుతుందో, ఘాట్‌లో ఏ గేరు ఎందుకు వెయ్యాలో చెప్పేవాళ్లుండరు. రెండూ ఉంటేనే మంచి డ్రైవరు.

ఇక లైన్ల సంగతి. కైకలూరు, ఆకివీడు వైపు నుంచి ఐసులో పెట్టిన చేపల లోడు బెంగాల్, అస్సాం వెళ్తుంది. ఐసు కరిగేలోపు మార్కెట్‌కు చేరాలి కాబట్టి నిద్ర తక్కువ, కిరాయి ఎక్కువ. నూజివీడు మామిడిదీ అదే కథ, పైగా దానికి సీజను బాధ. పిల్లలకు వేసవి సెలవులిచ్చే రోజుల్లోనే నాన్న ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీ దారిలో ఉంటాడు. సిమెంటు లోడు దీనికి పూర్తిగా వేరు. నల్గొండ, జగ్గయ్యపేట వైపు ఫ్యాక్టరీల నుంచి హైదరాబాద్, విజయవాడలకు దూరం తక్కువ. కానీ ఫ్యాక్టరీ గేటు బయట వరుసలో పడిగాపులు తప్పవు. ఆ వెయిటింగ్‌కు డబ్బులిచ్చే ఓనరు దొరికితే వదులుకోవద్దు.

నా మాటగా చెప్పాలంటే, కుటుంబంతో ఉండాలనుకునే యువకుడికి పాలు, పెట్రోలు, గ్యాస్ ట్యాంకర్లే మేలు. పెట్రోలు, గ్యాస్ లాంటి ప్రమాదకర సరుకుల బండి నడపాలంటే మూడు రోజుల ప్రత్యేక శిక్షణ తీసుకుని లైసెన్స్ మీద నమోదు చేయించుకోవాలి. ఈ అనుమతి చెల్లేది మూడేళ్లే. ఆ మూడు రోజులు పెట్టడానికి బద్ధకించి జీవితాంతం దూరపు లైన్లలో తిరిగేవాళ్లున్నారు. ట్యాంకరంటే భయం ఉండాలి, నిజమే. ఆ భయం వల్లే అక్కడ వేగం, మందు విషయంలో కట్టడి ఎక్కువ. ఇంట్లోవాళ్లకు కావాల్సిందీ అదేగా!

దూరపు సరుకును డ్రైవర్లు చేతులు మార్చుకుంటూ తీసుకెళ్లే రిలే పద్ధతి కూడా ఉంది. కొన్ని గంటలు నడిపి, బండిని తర్వాతి డ్రైవరుకు అప్పగించి, ఎదురొచ్చే బండిలో అదే రోజు వెనక్కి రావడం. రివిగో అనే సంస్థ దీన్ని పెద్ద ఎత్తున నడిపింది. 2022లో ఆ సంస్థ ఎక్స్‌ప్రెస్ వ్యాపారాన్ని మహీంద్రా లాజిస్టిక్స్ తీసుకుంది. పార్సిల్ కంపెనీలో ఇంటర్వ్యూకు వెళ్తే మీ దగ్గర రిలే ఉందా అని అడగండి. తప్పేం లేదు.

దేశం చూడటం మాటకొస్తే, ఎన్‌హెచ్ 44 మీద కర్నూలు నుంచి ఢిల్లీ దాకా వెళ్లినా ఎర్రకోట కనిపించకపోవచ్చు. పగలు పెద్ద నగరాల్లోకి హెవీ బండ్లను రానివ్వరు. ఊరి బయట ఆగి, రాత్రి నో-ఎంట్రీ ఎత్తేశాక మార్కెట్‌కు వెళ్లి, అన్‌లోడయ్యాక రిటర్న్ లోడు కోసం ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు ముందు కూర్చోవాలి. డ్రైవరు చూసే దేశం బైపాసులు, డాబాలు, మండీలు. అయినా హిందీ వచ్చేస్తుంది, నాలుగు రాష్ట్రాల తిండి అలవాటవుతుంది, మనుషుల్ని అంచనా వేయడం తెలుస్తుంది. జార్ఖండ్ డ్రైవరు రాజేశ్ రవానీ లారీలో వండుకుంటూ తీసిన వీడియోలతో దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. ఆయన్ను చూసి సంతోషించండి. ఆ రాబడిని మాత్రం మీ నెల బడ్జెట్‌లో రాసుకోకండి.

చేరేముందు ఓనరుతో కొన్ని తేల్చుకోవాలి. నెల జీతం, బత్తా విడివిడిగా ఇస్తారా, లేక ట్రిప్పుకింత అని మొత్తం చేతిలో పెట్టి మిగిలింది నీదే అంటారా? రెండోది వినడానికి బాగుంటుంది. కానీ మిగుల్చుకోవాలన్న ఆశ మొదట కోసేది తిండినీ నిద్రనీ. పంక్చరు ఖర్చు, హాల్టింగు, చలాన్లు ఎవరివి? ఓవర్‌లోడుతో పట్టుబడితే జరిమానా 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000 చొప్పున. కాటా చీటీ చూడకుండా బండి కదపొద్దు. ఇన్సూరెన్స్ కాగితంలో జీతం డ్రైవరుకు కవరేజీ ఉందో లేదో చదవండి. ఓనరు మొహమాటపడితే ఆ మొహమాటమే సమాధానం అనుకోవాలి.

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని అంది. ఈ-వే బిల్లు 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువిస్తుంది. కాగితం ఇంత నిదానంగా ఉంటే తొందరంతా ఎక్కడిదంటారా? మార్కెట్‌ది, బండి ఈఎంఐది. ఒక మంచి మార్పు కూడా వచ్చింది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ ట్రక్కులకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి. మే నెలలో ఒంగోలు దాటేవాళ్లకు దీని విలువ చెప్పక్కర్లేదు.

పెళ్లి సంబంధాల దగ్గర “లారీ డ్రైవరా?” అని పెదవి విరిచేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల అనుమానం ముఖ్యంగా తాగుడు గురించి, నెలల తరబడి ఇంటిపట్టున ఉండకపోవడం గురించి. వాదించి లాభం లేదు. జీతం నేరుగా బ్యాంకు ఖాతాలో పడేలా చూసుకుని, ఆ లెక్క ఇంట్లో ఆడవాళ్ల చేతికిచ్చిన డ్రైవర్ల ఇళ్లలో పిల్లల ఫీజులు ఆగవు. సొంత లారీ మోజు మాత్రం కొన్నాళ్లు ఆపుకోండి. వానాకాలంలో లోడ్లు తగ్గినా కిస్తీ తగ్గదు.

హెవీ లైసెన్స్‌తో ఆర్టీసీ, పోలీసు, అగ్నిమాపక శాఖల డ్రైవరు పోస్టులకూ పోటీ పడొచ్చు. వయసు పరిమితి దాటకముందే నోటిఫికేషన్లు చూసుకోవాలి. గల్ఫ్ వెళ్లాలనుకునేవాళ్లు విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థల్ని, అంటే తెలంగాణలో టామ్‌కామ్‌ను, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్‌ను సంప్రదించండి. ప్రైవేటు ఏజెంటైతే కేంద్ర విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడకుండా పాస్‌పోర్టు ఇవ్వొద్దు.

అన్నట్టు, హెవీ లైసెన్స్‌కు ఫారం 1ఎ మీద డాక్టరు ధ్రువీకరణ కావాలి. డ్రైవింగ్ స్కూలుకు ఫీజు కట్టేముందే కంటి పరీక్ష చేయించుకోండి.