మూడు చాపల గది: ఒసాకాలో చవకగా దిగడం ఎలా

ఒసాకా నగరం దక్షిణాన షిన్-ఇమామియా అనే స్టేషన్ ఉంది. కాన్సాయ్ విమానాశ్రయం నుంచి వచ్చే జేఆర్ ర్యాపిడ్ రైళ్లూ, నాన్‌కాయ్ రైళ్లూ అక్కడ ఆగుతాయి. పక్కనే దోబుత్సుఎన్-మాయె మెట్రో స్టేషన్. అక్కడ మిదోసుజి లైన్ ఎక్కితే నంబా, ఉమెదా నేరుగా వెళ్లిపోవచ్చు. షిన్-ఇమామియా స్టేషన్‌కు దక్షిణాన రోడ్డు దాటగానే ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డ బక్కపలచని మేడలు కనిపిస్తాయి. ఈ పేట పేరు కామగసాకి. 1970లో ఒసాకాలో జరిగిన ప్రపంచ ప్రదర్శన పనుల కోసం దేశం నలుమూలల నుంచి వచ్చిన దినకూలీలు ఏ రోజు అద్దె ఆ రోజు కట్టి ఈ మేడల్లో తలదాచుకున్నారు. తర్వాత పనులు తగ్గాయి, కూలీలు ముసలివాళ్లయ్యారు, పేటలోని దినకూలీల ఉపాధి కేంద్రం భవనం 2019లో మూతపడింది. అంతకు ముందే, ఖాళీ పడ్డ గదులకు కొత్త రంగులేసి, వైఫై పెట్టి, యాత్రికులకు ఇవ్వడం మొదలుపెట్టారు.

జపాన్‌లో చవక బస ఎలా ఉంటుందో తెలియాలంటే ఈ గదుల కొలత చూస్తే చాలు. మూడు గడ్డి చాపలు పరిస్తే నిండిపోయే గది, అంటే సుమారు ఆరు గజాలు. అద్దె తగ్గేది చోటు దగ్గరా, పనివాళ్ల సంఖ్య దగ్గరా. శుభ్రతా, భద్రతా దాదాపు ఎక్కడా తగ్గవు. తగ్గించిన పనివాళ్ల పనిలో కొంత అతిథి చేసుకోవాలి. ఆ పనులేమిటో ముందే తెలిసినవాళ్లకు ఆరు గజాల్లోనూ హాయిగా నిద్రపడుతుంది.

మొదటి పని, ఏ రకం బస అన్నది తేల్చుకోవడం. ఒంటరిగా వెళ్లే కుర్రవాళ్లకు ఈ మూడు చాపల గది సరిపోతుంది. మామూలు రోజుల్లో మూడు నాలుగు వేల యెన్లకు దొరుకుతుంది. వంద యెన్లంటే అటూ ఇటూగా 60 రూపాయలు. స్నానం, మరుగుదొడ్డి చాలాచోట్ల అందరికీ కలిపే ఉంటాయి. గెస్ట్‌హౌస్‌లు పాత చెక్క ఇళ్లలో నడుస్తాయి. నలుగురితో మాట్లాడాలనుకునే వాళ్లకు మంచివి, కానీ మెట్లు నిచ్చెనంత నిటారుగా ఉంటాయి, లిఫ్టు ఉండదు. ఒక్క మనిషి పడుకునే గూళ్లుండే క్యాప్సూల్ హోటల్ పుట్టింది ఈ ఊళ్లోనే. వాస్తుశిల్పి కిషో కురొకావా రూపకల్పన చేసిన క్యాప్సూల్ ఇన్ ఒసాకా 1979లో ఉమెదాలో తెరిచారు. ఒక్క రాత్రికి సరదాగా ఉంటుంది, పెద్ద సూట్‌కేసులున్న వాళ్లకు మాత్రం పనికిరాదు. అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లు ఇవన్నీ వదిలేసి, తొయోకో ఇన్, సూపర్ హోటల్ లాంటి బిజినెస్ హోటల్లో రెండు మంచాల గది తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. అద్దె రెట్టింపు పైనే అవుతుంది కానీ లిఫ్టూ, గదిలోనే స్నానాల గదీ ఉంటాయి, చాలావాటిలో పొద్దున ఫలహారం అద్దెలో కలిసే ఉంటుంది.

గది పేరు చూసి మోసపోవద్దు, మంచం వెడల్పు చూడండి. సెమీ-డబుల్ అంటే తరచుగా 120 సెంటీమీటర్లు, నాలుగడుగులు కూడా లేదు. ఇద్దరు అందులో పడుకోవాలి. గది కొలత చదరపు మీటర్లలో రాస్తారు. దాన్ని 11తో హెచ్చవేస్తే దాదాపు చదరపు అడుగులు వస్తాయి. పన్నెండు చదరపు మీటర్ల గదిలో రెండు పెద్ద పెట్టెలు ఒకేసారి తెరిచే వీలుండదు. పొగతాగే గదులు, తాగని గదులు వేరువేరుగా అమ్ముతారు. చవకగా కనిపించిన గది పొగ గదేమో చూసుకోండి, ఆ వాసన గోడల్లో ఇంకిపోయి ఉంటుంది. రాత్రి ఎన్ని గంటలకు తలుపు మూస్తారో కూడా చదవాలి. చిన్న గెస్ట్‌హౌస్‌లలో రాత్రంతా మనిషి ఉండడు.

తర్వాత తేదీలు. జపాన్ హోటళ్లకు శనివారం రాత్రి గిరాకీ ఎక్కువ, ఆదివారం రాత్రి తక్కువ. అదే గది ఒక్క రోజు తేడాలో సగం ధరకు రావచ్చు. మార్చి చివర నుంచి ఏప్రిల్ ఆరంభం దాకా చెర్రీ పూలు, ఏప్రిల్ చివర మొదలై మే మొదటి వారం దాకా వరస సెలవులు, ఆగస్టు మధ్యలో పితృదేవతల పండుగ, కొత్త సంవత్సరం. ఈ నాలుగు కాలాల్లో చవక అన్న మాట మరిచిపోవాలి.

బుక్ చేసేటప్పుడు ఎంతమందో నిజం రాయండి. మన దగ్గర ఒక గది తీసుకుని ముగ్గురు సర్దుకోవడం మామూలు. అక్కడ అద్దె చాలాచోట్ల గదికి కాకుండా తలకు ఇంత అని లెక్క. చెప్పకుండా మనిషిని పెంచితే అగ్నిప్రమాద నిబంధనల దగ్గర నుంచి అన్నీ అడ్డొస్తాయి. తల్లిదండ్రుల మంచం మీదే పడుకునే చిన్నపిల్లలకు చాలా హోటళ్లు డబ్బు తీసుకోవు, అయితే ఆ మాట ముందే చెప్పి ఉండాలి. 2025 సెప్టెంబరు నుంచి ఒసాకాలో మనిషికి రాత్రికి 5,000 యెన్లు, ఆపైన అయ్యే బసకు 200 యెన్లు మొదలుకొని పన్ను పడుతుంది. చాలాసార్లు దాన్ని కౌంటర్ దగ్గర విడిగా అడుగుతారు. వీసా దరఖాస్తుతో ఇచ్చే ప్రయాణ పట్టికలో ఏ రాత్రి ఎక్కడ ఉంటామో హోటల్ పేరూ ఫోన్ నంబరుతో రాయాలి కనుక, రద్దు చేసుకునే వీలున్న గదిని ముందుగా పట్టి ఉంచడం క్షేమం.

ఇక చేరుకోవడం. జపాన్ చిరునామాలో సాధారణంగా వీధి పేరు ఉండదు. పేట, అందులో భాగం, ఆ భాగంలో బ్లాకు, ఆ బ్లాకులో ఇల్లు, ఇలా సంఖ్యలే నడుస్తాయి. కాబట్టి హోటల్ పేరూ చిరునామా జపాన్ లిపిలోనే ఫోన్‌లో దాచుకోండి. ఎవరికైనా చూపించాల్సి వస్తే అది పనికొస్తుంది. అంతకంటే ముఖ్యం స్టేషన్‌లో ఏ నంబరు ద్వారం నుంచి బయటకు రావాలో తెలియడం. పెద్ద స్టేషన్లలో తప్పు ద్వారం పట్టుకుంటే పెట్టెలు లాక్కుంటూ పావుగంట నడక, అందులోనూ మెట్లు. గది ఇచ్చేది మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకే. ముందు చేరినా గది ఇవ్వమని బతిమాలడం వృథా. పెట్టెలు మాత్రం సంతోషంగా దాచిపెడతారు, చీటీ ఇస్తారు. రాత్రి ఆలస్యమయ్యేలా ఉంటే కబురు పెట్టాలి. చెప్పిన వేళ దాటితే గది రద్దయినట్టు లెక్కేసే చోట్లున్నాయి.

కౌంటర్ దగ్గర పాస్‌పోర్టు అడుగుతారు, నకలు తీసుకుంటారు. జపాన్‌లో నివాసం లేని విదేశీయుల దేశం పేరూ పాస్‌పోర్టు సంఖ్యా రాసి ఉంచుకోవాలని అక్కడి వసతి గృహాల చట్టం చెబుతుంది. అనుమానపడాల్సిన పని లేదు. చిన్నచోట్ల నగదే తీసుకోవచ్చు. సెవెన్-ఎలెవెన్ దుకాణాల ఏటీఎంలు విదేశీ కార్డులు తీసుకుంటాయి. దువ్వెన, టూత్‌బ్రష్, రేజరు లాంటివి గదిలో ఉండవు, లాబీలో ఒక అర మీద పేర్చి ఉంటాయి. కావలసినన్నే తీసుకోవాలి. రాత్రి దుస్తులు కూడా చాలాచోట్ల అక్కడే మడతపెట్టి ఉంటాయి.

చాపల గదిలోకి చెప్పులతో అడుగుపెట్టకూడదని మనకెవరూ నేర్పక్కర్లేదు. గడప దగ్గరే విడిచిన బూట్లను తలుపు వైపు తిప్పి పెట్టండి. హోటల్ ఇచ్చే స్లిప్పర్లు నడవా దాకానే, చాప మీదికి రాకూడదు. మరుగుదొడ్డికి విడిగా స్లిప్పర్లుంటే అవి అక్కడే విడిచిపెట్టాలి. సూట్‌కేసు చక్రాలు చాప మీద దొర్లించకండి, ఎత్తి ఒక మూల పెట్టండి. పక్క మనమే వేసుకోవాలి: అల్మారాలోంచి పరుపు తీసి, దాని మీద ఉతికిన దుప్పటి పరిచి, పైన కప్పుకునే బొంత. ఒక్క పరుపు గట్టిగా అనిపిస్తే ఇంకొకటి అడగవచ్చు, పెద్దవాళ్లకు తప్పక అడగండి. పొద్దున్నే మూడు మడతలు పెట్టి పక్కకు జరిపితేనే గదిలో కూర్చునే చోటు వస్తుంది.

ప్లగ్గుకు రెండు చదును పిన్నులు, 100 వోల్టుల కరెంటు. మన ఫోన్ చార్జర్లు అడాప్టర్ పెడితే నడుస్తాయి. మన 230 వోల్టుల కుక్కరు మాత్రం అక్కడ సరిగా వేడెక్కదు, పైగా గదుల్లో వంట నిషేధం. కుళాయి నీళ్లు తాగవచ్చు. మంచం పక్కన గోడకు తగిలించిన టార్చి భూకంపం వేళకు, తలుపు వెనక అంటించిన పటం బయటికి దారి చూపించడానికి. పడుకునే ముందు ఆ రెండూ ఒకసారి చూసుకోండి. మరుగుదొడ్లో నీళ్లు చిమ్మే బటన్ల కుర్చీ దాదాపు ప్రతిచోటా ఉంటుంది. కాగితంతో సరిపెట్టుకోలేని మనవాళ్లకు అదెంత ఊరటో చెప్పనక్కర్లేదు.

అందరూ కలిసి చేసే వేడినీళ్ల స్నానం దగ్గరే మనవాళ్లు వెనక్కి తగ్గుతారు. బట్టలు పూర్తిగా విడిచి వెళ్లాలి. ఆడవాళ్లకూ మగవాళ్లకూ గదులు వేరు, కొన్ని పాత బసల్లో ఒకే గదికి వేళలు వేరు. ఆ పట్టిక చదివాకే లోపలికి వెళ్లాలి. బట్టలు బుట్టలో పెట్టి, చిన్న తువ్వాలు మాత్రం పట్టుకుని వెళ్తే గోడ వెంబడి కుళాయిలు, ముందు పొట్టి పీటలు కనిపిస్తాయి. పీట మీద కూర్చుని, సబ్బుతో ఒళ్లంతా తోముకుని, నురగ ఒక్క చుక్క లేకుండా కడుక్కోవాలి. నిలబడి నీళ్లు చల్లితే పక్కవాళ్ల మీద పడతాయి. ఆ తర్వాతే తొట్టి. తొట్టి ఒళ్లు కడుక్కోవడానికి కాదు, సేద తీరడానికి. నీళ్లు 40 డిగ్రీల పైన ఉంటాయి కాబట్టి ముందు కాళ్లు దించి, నెమ్మదిగా దిగాలి. తువ్వాలు నీళ్లలో ముంచకుండా నెత్తి మీద పెట్టుకుంటారు, పొడుగు జుట్టు ముడేసుకోవాలి. ఐదారు నిమిషాలు చాలు. బీపీ ఉన్నవాళ్లు ఇంకా ముందే లేవాలి. పీట మీద నీళ్లు పోసి కడిగి, ఒళ్లు తుడుచుకున్నాకే బట్టలు మార్చుకునే గదిలోకి రావాలి. రోజంతా మెట్రో మెట్లు ఎక్కి దిగిన కాళ్లకు ఇంతకంటే మంచి మందు నాకు తెలియదు. మొహమాటం తీరనివాళ్లకు చాలాచోట్ల విడి షవర్ గదులున్నాయి, వాటిని వాడుకున్నా ఎవరూ ఏమీ అనుకోరు.

శాకాహారులకు తిండి కొంచెం కష్టమే. హోటల్ ఫలహారంలో ఇచ్చే మిసో చారుకు రుచి ఎక్కువగా ఎండు చేప నుంచే వస్తుంది. కూరగాయలు ఉడికించిన రసం కూడా అదే కావచ్చు. తెల్లన్నం, రొట్టె, అరటిపండు దొరుకుతాయి. లాబీలో మైక్రోవేవ్ ఉన్నచోట దారి సులువు. దుకాణంలో ప్యాకెట్ అన్నం కొని రెండు నిమిషాలు వేడిచేస్తే చాలు. చక్కెర కలపని పెరుగు డబ్బాలు కూడా అమ్ముతారు. ఇంటి నుంచి తెచ్చుకున్న కందిపొడి, వేడినీళ్లు పోస్తే తయారయ్యే ఉప్మా ప్యాకెట్లు, గదిలోని కెటిల్, వీటితో రాత్రి భోజనం గడిచిపోతుంది.

బట్టలు ఎక్కువ మోయకండి. నాణేలు వేస్తే నడిచే వాషింగ్ మెషీన్లు, డ్రయ్యర్లు చాలా హోటళ్లలో ఉంటాయి. సాయంత్రం అందరూ వాటి చుట్టూనే ఉంటారు, పొద్దున వేయడం మేలు. గోడలు పలచన. ఇండియాకు వీడియో కాల్ చేయాలంటే లాబీకి రండి. మన మాట పక్క గదిలో పదం పదం వినిపిస్తుంది. కామగసాకి పేటలో తిరిగేటప్పుడు ఒక్క విన్నపం: అరుగుల మీద కూర్చున్న ముసలి కూలీలను ఫోటోలు తీయకండి. 1970 ప్రదర్శననూ ఈ నగరాన్నీ చేతులతో కట్టినవాళ్లలో వాళ్లూ ఉన్నారు.

గది ఖాళీ చేసేది సాధారణంగా పదింటికి. ఇంకో రాత్రి ఉండాలనుకుంటే ముందురోజు సాయంత్రమే అడగాలి. పక్క మడిచి, సీసాలు, కాగితాలు వేరువేరు బుట్టల్లో వేసి, తాళం కౌంటర్ దగ్గర ఇచ్చేయండి. టిప్పు ఇవ్వొద్దు, తీసుకోరు. సాయంత్రం దాకా పెట్టెలు దాచమని అడగవచ్చు. టోక్యోకు వెళ్తుంటే పెట్టెలను యమాతొ కొరియర్‌లో పంపించే ఏర్పాటు చాలా కౌంటర్లలో ఉంది. అవి సాధారణంగా మర్నాటికి చేరతాయి కాబట్టి ఒక రాత్రికి కావలసినవి చేతిసంచిలో ఉంచుకోండి. చీటీలో తర్వాతి హోటల్ చిరునామాతో పాటు అక్కడ దిగే తేదీ, బుకింగ్‌లో ఉన్న పేరు ఉన్నదున్నట్టు రాయాలి. పేరు కలవకపోతే అవతలి హోటల్ పెట్టె తీసుకోకపోవచ్చు.