సెర్బియన్ విభక్తులు: ప్రాణముంటే ఒక రూపం, లేకుంటే మరొకటి

సెర్బియన్ నేర్చుకునేవారిని మొదట నిలవేసేది ఏడు విభక్తుల పట్టిక. డు-ము-వు-లు వల్లించిన తెలుగువారికి విభక్తి కొత్త కాదు. చిక్కు వేరే చోట ఉంది. తెలుగులో ఏకవచనమైనా బహువచనమైనా ప్రత్యయం అదే: తమ్ముడితో, తమ్ముళ్లతో. సెర్బియన్‌లో లింగం, వచనం, విభక్తి మూడూ ఒకే చిన్న ముగింపులో కరిగిపోతాయి.

‘ష్కోలా’ అంటే బడి. ‘ఉ ష్కోలు’ అంటే బడిలోకి. ‘ఉ ష్కోలి’ అంటే బడిలో. చివరి అచ్చు మారగానే ప్రయాణం కాస్తా ఉనికి అయింది.

అసలు ఆసక్తికరమైనది ద్వితీయ. నగరాన్ని చూస్తున్నానంటే ‘విదిమ్ గ్రాద్’. ఇక్కడ ‘గ్రాద్’లో మార్పే లేదు. సోదరుణ్ణి చూస్తున్నానంటే మాత్రం ‘బ్రాత్’ కాస్తా ‘బ్రాతా’ కావాలి. తెలుగులోనూ ‘పుస్తకం కొన్నాడు’ అంటే సరిపోతుంది, కానీ ‘తమ్ముడు పిలిచాడు’ అంటే పిలిచింది తమ్ముడే! ప్రాచీన స్లావిక్‌లో పదాంత ధ్వనులు అరిగిపోయి, ఇలాంటి పుంలింగ పదాల్లో ప్రథమ, ద్వితీయ ఒకటైపోయాయి. పదాల వరస స్వేచ్ఛగా మారే భాషలో ఎవరు ఎవరిని చూశారో ఎలా తెలుస్తుంది? నగరం ఎవరినీ చూడదు కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. ప్రాణులకు మాత్రం షష్ఠీ రూపం అరువు తెచ్చుకోవలసి వచ్చింది. సోదరి ‘సెస్త్రా’ ద్వితీయలో ‘సెస్త్రు’గా ముందే వేరుగా ఉంది, ఆమెకు అరువు అక్కర్లేకపోయింది.

‘వుక్’ అంటే తోడేలు. ప్రజల వాడుక ఆధారంగా 1814లో వియన్నాలో సెర్బియన్ వ్యాకరణం ప్రచురించిన వుక్ కరాజిచ్ పేరూ ఇదే. సంస్కృత ‘వృక’కు ఇది జ్ఞాతి పదం, వృకోదరుడి పేరులో ఉన్నదీ ఆ తోడేలే. ‘తోడేలు నుంచి’ అనడానికి సంస్కృతంలో పంచమి ‘వృకాత్’. స్లావిక్‌లో పంచమి వెళ్లి షష్ఠిలో కలిసిపోయి, ఆ పాత రూపమే ‘వుకా’గా మిగిలింది. సంబోధనతో కలిపి సంస్కృతంలో ఎనిమిది, సెర్బియన్‌లో ఏడు ఉండటానికి కారణం ఇదే. ఇక తోడేలును పిలిస్తే ‘వుచె’. ‘ఎ’ ముందు ‘క’ ‘చ’ అయింది. కన్నడంలో ‘కివి’గా నిలిచిన పదం తెలుగులో ‘చెవి’ కావడమూ ఇలాంటి తాలవ్యీకరణే.

తెలుగు అలవాటు తప్పుదారి పట్టించేది తృతీయలో. పెన్సిల్‌తో రాసినా, తమ్ముడితో వెళ్లినా తెలుగులో ‘తో’ ఒక్కటే. సెర్బియన్‌లో పనిముట్టుకు రూపం మారితే చాలు: ‘పిషెమ్ ఒలొవ్కొమ్’. తోడు వచ్చే మనిషికైతే ముందు ‘స’ చేరాలి: ‘స బ్రాతొమ్’. పెన్సిల్‌కూ అది తగిలిస్తే, దాన్ని వెంటబెట్టుకుని రాస్తున్నట్టు ఉంటుంది. ఈ తప్పు పుట్టుకతో సెర్బియన్ మాట్లాడేవారి నోటా వినిపిస్తుంది.