తీగె కట్టిన దంతములు

వంకర దంతములను సరిచేయుటకై వైద్యులు పంటిపంటికి చిన్న బిళ్ళ నతికించి, వానినన్నిటిని సన్నని తీగెతో కలుపుదురు. తీగె యొత్తిడిచే పంటి మూలమునందలి యెముక ఒకవైపు కరగి, వేఱొకవైపు పెరుగును. పన్ను మెల్లగా జరుగును. అందుచే తొలిదినములలో నొప్పి సహజము. అప్పుడు ఇడ్లీ, పెరుగన్నము, మెత్తని పప్పన్నము, అరటిపండు హితములు.

జంతికలు, చెఱకు, వేరుసెనగ అచ్చు కొరికినచో బిళ్ళ యూడవచ్చును. ఆ పంటి సవరణ నిలిచి, చికిత్స మరింత కాలము సాగును. జామకాయను చిన్న ముక్కలుగా కోసి, వెనుక దంతములతో నమలవలెను. జీళ్ళు బిళ్ళల చుట్టు అంటుకొనును. సూక్ష్మజీవులు ఆ తీపిని ఆమ్లముగా మార్చగా పంటిపై తెల్లమచ్చలు పడును. కావున తినిన పిమ్మట నోరు పుక్కిలించి, దంతములు తోముకొనవలెను.

తీగె కట్టుట వైద్యుని పని. దానిని కాపాడుకొనుట పిల్లల వంతు.