ఇంజనుకు మందు పోస్తే ఆయుష్షు పెరుగుతుందా?

— తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి

మనిషికి జబ్బు చేస్తే మందు తాగుతాడు. పశువుకు జబ్బు చేస్తే గొట్టంతో పోస్తాం. పైరుకు పురుగు పడితే మందు కొడతాం. మరి ఇంజనుకు? దానికీ మందు ఉందంటున్నారు. స్పేరు పార్టుల దుకాణానికి వెళ్లి ఇంజనాయిలు అడిగితే డబ్బా పక్కనే ఒక చిన్న సీసా కూడా పెడతారు. "ఇది కూడా ఆయిల్లో కలిపి పోయించండి. డీజిలు కలిసొస్తుంది, పొగ తగ్గుతుంది, ఇంజను బోరుకు రాదు" అని చెబుతారు. లీటరు లెక్కన చూస్తే ఆ సీసా ధర ఆయిలు ధరకు ఎన్నో రెట్లు.

ఈ మందు నిజంగా పనిచేస్తుందా? మా ఇంట్లో ఈ ప్రశ్న మీద మా నాన్నకూ నాకూ చాలాకాలం వాదన జరిగింది. "వందమంది రైతులు పోస్తున్నారు. వాళ్లందరూ తెలివితక్కువ వాళ్లేనట్రా?" అన్నాడు నాన్న. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తరువాత వెతుక్కున్న జవాబే ఈ వ్యాసం.

ఆయిలు చేసే పని

రెండు లోహపు ముక్కలు ఒకదానిమీద ఒకటి రుద్దుకుంటే వేడి పుడుతుంది, లోహం అరుగుతుంది. ఇది చిన్న తరగతుల్లోనే చదువుకున్నాం. ఇంజను నడుస్తున్నప్పుడు క్రాంకు షాఫ్టు తన బేరింగులో తిరుగుతూ ఆయిలును సందులోకి లాక్కుంటుంది. ఆ ఒత్తిడికి షాఫ్టు బేరింగును తాకకుండా ఆయిలు పొర మీద తేలుతుంది. ఆ పొర మందం వెంట్రుకలో పదోవంతు కూడా ఉండదు. అయినా అది తెగనంతసేపూ లోహం లోహాన్ని తాకదు. తాకనిచోట అరుగుదల ఎక్కడిది? ఈ పొర నిలవడానికి కావలసింది ఆయిలుకు తగినంత స్నిగ్ధత, అంటే చిక్కదనం. డబ్బా మీద 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-40 అని వేసే అంకెలు దాన్ని తెలిపేవే.

అయితే ఈ పొర అన్నిచోట్లా, అన్నివేళలా నిలవదు. పిస్టను పైకి వెళ్లి వెనక్కు తిరిగే చోట ఒక్క క్షణం ఆగుతుంది. అక్కడ పొర పలచబడుతుంది. క్యాము తన ఎదుటి భాగాన్ని నెట్టేచోట ఒత్తిడి చాలా ఎక్కువ. స్టార్టు చేసిన మొదటి క్షణాల్లో కూడా కొంత ఇబ్బంది ఉంటుంది. ఇలాంటి చోట్ల చిక్కదనం ఒక్కటే సరిపోదు, రసాయనం సాయం కావాలి. సీసా అమ్మేవాళ్ల వాదనలో ఈ మాటవరకు నిజమే.

డబ్బాలో ముందే ఉన్న మందులు

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మనం కొనే ఇంజనాయిలు ఉత్త ఆయిలు కాదు. అందులో సుమారు పదోవంతు నుంచి పావువంతు దాకా కంపెనీవాళ్లు కలిపిన రసాయనాలే ఉంటాయి. అరుగుదలను ఆపడానికి జింకు, గంధకం, భాస్వరం ఉన్న ఒక సమ్మేళనం కలుపుతారు. దాని పేరు జింకు డయాల్కైల్ డైథయోఫాస్ఫేటు. 1940ల నుంచీ ఇది వాడుకలో ఉంది. ఆయిలు పొర తెగినచోట వేడికీ రాపిడికీ ఇది విచ్ఛిన్నమై, లోహం మీద గాజులాంటి సన్నని ఫాస్ఫేటు పూతగా ఏర్పడుతుంది. అరిగితే ఆ పూత అరుగుతుంది, మళ్లీ ఏర్పడుతుంది. లోహం మిగులుతుంది.

ఇది కాక మడ్డిని కడిగేవి, మసిని ఆయిల్లోనే తేలేట్టు పట్టి ఉంచేవి, ఆయిలు పులిసి చెడిపోకుండా ఆపేవి, నురుగు రాకుండా చేసేవి, వేడికి మరీ పలచబడకుండా కాపాడేవి కూడా ఉంటాయి. "కొత్తాయిలు పోసిన నాలుగురోజులకే నల్లబడిందేంటి, దొంగాయిలు కాబోలు" అని మన రైతులు అనుమానపడుతుంటారు. డీజిలు ఇంజనులో ఆయిలు నల్లబడటం సామాన్యంగా మంచి గుర్తే. మసి గోడలకు పట్టకుండా ఆయిల్లోకి వస్తున్నదన్నమాట.

ఈ కలుపులన్నీ ఒకదానికొకటి సరిపడేట్టు పాళ్లు చూసి, ఇంజనుల మీద వందల గంటలు పరీక్ష చేసి నిర్ణయిస్తారు. పప్పులో ఉప్పు సరిపోయాక ఇంకో గుప్పెడు వేస్తే రుచి రెట్టింపు కాదు కదా! ఇదీ అంతే. ఒక రసాయనం ఎక్కువైతే ఇంకోదాని పనిని చెడగొట్టవచ్చు.

సీసాలో ఏముంటుంది?

సీసా మీద పేరు ఏదైనా లోపలివి సామాన్యంగా కొన్ని రకాలే.

మొదటిది, ఆయిలును చిక్కబరిచే పాలిమరు. రింగులు అరిగిన ఇంజనులో ఇది పోస్తే నీలం పొగ కొంత తగ్గుతుంది, ఆయిలు ప్రెషరు ముల్లు పైకి లేస్తుంది. ఇది అబద్ధం కాదు. కాని అరిగిన లోహం తిరిగి రాలేదు. కుంటివాడికి కర్ర దొరికింది, కాలు రాలేదు. బోరు పని కొన్నాళ్లు వాయిదా వేసుకోవడానికి అది చాలు. మంచి ఇంజనుకు మాత్రం ఆ చిక్కదనం అనవసరపు బరువు.

రెండవది, టెఫ్లాను పొడి. డ్యూపాంటు కంపెనీలో రాయ్ ప్లంకెట్ 1938లో అనుకోకుండా కనిపెట్టిన పదార్థం ఇది. అట్లు అంటుకోని పెనం మీద ఉండే పూత ఇదే. "పెనానికి పట్టినట్టే మీ ఇంజను లోపల కూడా పట్టుకుంటుంది" అని ప్రచారం చేశారు. కాని పెనం మీద ఆ పూత నిలవాలంటే ముందు లోహాన్ని బాగా శుభ్రంచేసి గరుకు చేయాలి. ఆ తరువాత టెఫ్లాను కరిగే 327 డిగ్రీలు దాటించి కాల్చాలి. సంపులో ఆయిలు వేడి నూరు డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ వేడికి, ఆయిలు జిడ్డు మీద ఆ పొడి పూతగా అతుక్కోవడం ఎలా సాధ్యం?

మూడవది, క్లోరిను కలిసిన పారఫిన్లు. తిరిగే చక్రానికి ఒక ముక్కను అదిమి, మామూలు ఆయిలుతో చక్రం ఆగిపోయేట్టు, వీళ్ల మందు వేయగానే ఆగకుండా తిరిగేట్టు బల్ల మీద ప్రదర్శించి చూపుతారే, దానికి ఇవి బాగా పనికొస్తాయి. ఒక చిన్న చుక్కంత చోట విపరీతమైన ఒత్తిడి పెట్టే ప్రదర్శన అది. బేరింగులో ఉండే పరిస్థితి అది కాదు. పైగా వేడికీ తేమకూ క్లోరిను హైడ్రోక్లోరికామ్లంగా మారి లోహాన్ని తినే ప్రమాదం ఉంది.

డీజిలు లెక్క

"నూటికి ఇరవై వంతులు డీజిలు ఆదా" అనే మాటను ఒక లెక్కతో చూద్దాం. డీజిలులోని శక్తి 100 వంతులనుకుందాం. పిస్టనును నెట్టడానికి ఉపయోగపడేది సుమారు 40 వంతులు. మిగిలినది పొగగొట్టంలోను, రేడియేటరులోను వేడిగా పోతుంది. ఆ 40లో 8 వంతులు ఇంజను లోపలి ఘర్షణకూ, పంపులను తిప్పడానికీ పోతే, చక్రాలకు అందేది 32. ఇప్పుడు ఏ మంత్రంతోనో ఆ 8 వంతులూ పూర్తిగా మాయమయ్యాయనుకోండి. అప్పుడు 32 వంతుల పనికి 32 వంతులే నెట్టితే చాలు. అంటే 100 లీటర్ల పని 80 లీటర్లతో జరుగుతుంది. సరిగ్గా ఇరవై వంతుల ఆదా! అంటే ఆ ప్రచారం నిజం కావాలంటే ఇంజనులో ఘర్షణ అన్నదే ఉండకూడదు. అందులోనూ చాలాభాగం లోహం రాపిడి కాదు, ఆయిలు పొర తనలో తాను జారడంలో పోయేది. లోహానికి పూసే ఏ పూతా దాన్ని తగ్గించలేదు.

అమెరికా అనుభవం

ఈ సీసాల వ్యాపారం బాగా సాగిన దేశం అమెరికా. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వీటి ప్రచారాన్ని పలుమార్లు నిలదీసింది. 1978లో ఎస్.టి.పి. కంపెనీ ఆయిలు ఖర్చు తగ్గుతుందన్న ప్రకటనల విషయంలో 5 లక్షల డాలర్లు జరిమానా కట్టి, ఆ సంగతి పత్రికల్లో తన ఖర్చుతోనే ప్రకటించుకోవలసి వచ్చింది. టెఫ్లాను కలిసిన స్లిక్ 50 మీద 1996లో ఫిర్యాదు నమోదైంది. మామూలు ఆయిలుతోనే చాలా ఇంజనులకు స్టార్టింగులో తగినంత రక్షణ ఉంటుందని కమిషను వాదన. 1997లో రాజీ కుదిరి, రుజువు లేని ప్రచారం మానేయడానికి ఆ కంపెనీ ఒప్పుకుంది. 2001లో జీమ్యాక్స్ అనే మందు మీద దావా వేస్తూ, దాన్ని కలిపితే బేరింగుల తినివేత రెట్టింపుకు పైగా పెరిగినట్టు కంపెనీ చేయించుకున్న పరీక్షల్లోనే తేలిందని కమిషను ఆరోపించింది. అది 2003లో 10 లక్షల డాలర్ల రాజీతో ముగిసింది.

వీటన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది బ్యాటరీ మందు కథ. ఎ.డి.ఎక్స్.2 అనే పొడిని బ్యాటరీలో వేస్తే దాని ఆయుష్షు పెరుగుతుందని జెస్ రిచీ అనే వ్యాపారి అమ్మాడు. అందులో ప్రధానంగా ఉన్నవి సోడియం సల్ఫేటు, మెగ్నీషియం సల్ఫేటు. ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ పరీక్షించి ప్రయోజనం లేదన్నది. కాని వాడి బాగుపడ్డామని రాసిన ఉత్తరాలు గుట్టలుగా ఉన్నాయి. 1953లో వాణిజ్యమంత్రి సింక్లెయిర్ వీక్స్ ఆ ఉత్తరాల పక్షాన నిలిచి, సంస్థ డైరెక్టరు ఆలెన్ ఆస్టిన్‌ను రాజీనామా చేయమన్నాడు. శాస్త్రజ్ఞులు తిరగబడ్డారు. ఆస్టిన్ తిరిగి పదవిలోకి వచ్చాడు. అదే సంవత్సరం నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ కమిటీ విచారించి, సంస్థ చేసిన పరీక్షలు సరైనవేననీ, ఆ పొడిలో పస లేదనీ తేల్చింది.

వందమంది సాక్ష్యం

నాన్న ప్రశ్నకు నాకు జవాబు ఇక్కడే దొరికింది. ఆ ఉత్తరాలు రాసినవాళ్లు అబద్ధాలకోర్లు కారు, తెలివితక్కువవాళ్లూ కారు. వాళ్లు చూసింది ఒక్క బ్యాటరీని. పొడి వేయకపోతే అదే బ్యాటరీ ఎలా ఉండేదో వాళ్లకు తెలియదు. పొడి వేసేటప్పుడే నీళ్లు పోశారు, ఛార్జి పెట్టారు. బాగుపడిన పేరు పొడికి దక్కింది.

మా ట్రాక్టరు విషయంలోనూ ఇదే జరిగింది. పాత ఆయిలు దించి, ఫిల్టరు మార్చి, కొత్తాయిలు పోసి, దానిలో సీసా కలిపారు. ఇంజను మెత్తగా నడిచింది. "చూశావా మందు మహిమ!" అన్నాడు నాన్న. కొత్తాయిలుకు, కొత్త ఫిల్టరుకు రావలసిన పేరు సీసా కొట్టేసింది. అంతటితో ఆగితే నష్టం సీసా ఖరీదే. "ఇది పోస్తే ఆయిలు రెట్టింపు కాలం వస్తుంది" అని దుకాణంలో చెప్పిన మాట కూడా నాన్న నమ్మాడు. పుస్తకంలో 250 గంటలకు మార్చమని ఉంటే 500 దాకా లాగించాడు. దమ్ముల రోజుల్లో, చేలో నీళ్లు నిలబడి ఉండగా, ఇంజను అడుగున టకటకమని మోత మొదలైంది. సంపు దించితే గోరుముద్దలాంటి మడ్డి. బేరింగులు పోయాయి, షాఫ్టుకు గీతలు. 38 వేల రూపాయలు ఖర్చయింది. నారు ముదిరిపోతుంటే కిరాయి ట్రాక్టరు కోసం ఊళ్లో తిరిగాం.

ఈ చెడుపు సీసాలోని రసాయనం వల్లే జరిగిందని నేననను. ఒక్క ఇంజను బాగుపడితే మందు మంచిదని రుజువు కానట్టే, ఒక్క ఇంజను చెడితే మందు చెడ్డదని రుజువు కాదు. చెడగొట్టింది ఆయిలు మార్చకపోవడం. మార్చకుండా ధైర్యం చెప్పింది సీసా మీద నమ్మకం.

మనం చేయగలిగింది

ఎవరికైనా సందేహం ఉంటే పరీక్ష మన చేతుల్లోనే ఉంది. ఒకే ట్రాక్టరు, ఒకే పని, ఒకే రకం నేల తీసుకోండి. ప్రతిసారీ ట్యాంకు అంచుదాకా నింపి, గంటల మీటరు చూసి రాసుకోండి. ఒక ఆయిలు మార్పుకు మందుతో, ఇంకోదానికి మందు లేకుండా, ఏది ఎప్పుడన్నది డ్రైవరుకు తెలియకుండా నడపండి. ఒక్కసారితో తేల్చకండి, నాలుగైదు మార్పులైనా చూడండి. దుక్కి లోతు, తేమ మారితేనే డీజిలు ఖర్చు ఎంతో తేడా వస్తుంది. ఆ తేడాను మించి ఏమైనా కనిపిస్తేనే మందుకు మార్కులు వేయండి.

ఈలోగా ఆ సీసా డబ్బులతో మంచి ఫిల్టరు కొనండి. పుస్తకంలో చెప్పిన గ్రేడు ఆయిలు, చెప్పిన గంటలకు మార్చండి. రోజూ పొద్దున్నే పుల్ల తీసి మట్టం చూడండి. ఎయిర్ క్లీనరు శుభ్రం చేయండి. మన చేల దుమ్ము లోపలికి పోతే రింగులను ఆకురాయిలా అరగదీస్తుంది. దానికి ఏ సీసాలోనూ విరుగుడు లేదు.

ఇప్పుడు మా ట్రాక్టరు సీటు కింద ఒక నోటుపుస్తకం ఉంది. ఆయిలు మార్చిన తేదీ, మీటరు గంటలు నాన్నే తన చేత్తో రాస్తాడు. మొన్న సెలవులకు వెళ్లినప్పుడు దుకాణంవాడు మళ్లీ సీసా ఇవ్వబోతే నాన్న, "మా వాడు లెక్క అడుగుతాడు బాబూ, లెక్క చూపిస్తే తీసుకుంటా" అన్నాడు. మూడేళ్ల నా సైన్సు చదువులో నాకొచ్చిన పెద్ద మార్కు అదే అనుకుంటున్నాను.