కార్తీకంలో కోనసీమ

రాజమహేంద్రవరం

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

దీపావళి వెళ్లగానే నువ్వూ నీ స్నేహితురాళ్లూ కోనసీమ తిరగడానికి వస్తున్నారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. మీరు తినాలనుకున్నవాటి జాబితా కూడా పంపింది. మొదటి పేరే పులస. తల్లీ, దాన్ని కొట్టెయ్యి. పులస సముద్రం నుంచి గోదారికి ఎదురీదేది వరద రోజుల్లో, శ్రావణ భాద్రపదాల్లో. మీరొచ్చేసరికి వరద ఎర్రనీరు తగ్గిపోయి ఉంటుంది. అప్పుడు పులస అని వడ్డించేది ఐసులో దాచిందో, సముద్రంలో పట్టిన ఇలసో అయివుంటుంది. అంత డబ్బు పోసి అది తిని, గోదారి రుచి ఇంతేనా అనుకుని వెళ్లిపోతారేమోనని నా బెంగ.

నా మాట విని జాబితా పక్కన పెట్టండి. ఏ ఊరెళ్లినా ముందు మార్కెట్‌కి వెళ్లండి. ఆ పూట ఏం దిగిందో చూసి అదే తినండి.

రావులపాలెంలో రాత్రి బస చేసి, తెల్లారకముందే అరటి మార్కెట్‌కి వెళ్లండి. లంకల్లోంచి రైతులు సైకిళ్లకి రెండు పక్కలా గెలలు కట్టుకుని తోసుకుంటూ వస్తారు. పొద్దెక్కితే సరుకంతా లారీలెక్కిపోతుంది. కర్పూరం, చక్కెరకేళి, కూరకి బొంత అన్నీ ఉంటాయి గానీ, మీరు అమృతపాణి అడగండి. పండితే కాడ వదిలి రాలిపోయే రకం అది, దూరాలకి పంపడం కష్టం. అందుకే ఇక్కడే తినాలి.

ఆత్రేయపురంలో పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దారిపొడుగునా దుకాణాలే. పెట్టె కొనుక్కుని వెంటనే కారెక్కకండి. రేకు తీసే ఇల్లు ఎక్కడుందో అడిగి, ఆ ఇంటావిడ ఒప్పుకుంటే కాసేపు కూర్చోండి. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండి నీళ్లలా పల్చగా ఉంటుంది. అందులో గుడ్డ ముంచి, రెండు కొసలూ పట్టి, కుండ మీద ఒక్కసారి లాగుతుంది. గుడ్డ దాటీ దాటగానే రేకు లేచిపోతుంది, వేలితో అంచు పట్టి తీసేస్తుంది. మంట ఎక్కువైతే మాడుతుంది, తగ్గితే అంటుకుపోతుంది. రోజంతా ఆ సెగ ముందు కూర్చునేవాళ్లు ఆడవాళ్లే. ఆ చేతుల్ని చూశాక ధర గీసి గీసి బేరమాడటానికి మీకు మనసొప్పదని నా నమ్మకం. ఫోటో తీసేముందు మాత్రం తప్పకుండా అడగండి. అక్కడే అప్పుడే బెల్లం తురుము, నెయ్యి వేసి చుట్టించుకుని తినండి. ఇంటికి తెచ్చుకున్న రేకు మెత్తబడిపోతుంది.

మర్నాడు పొద్దున్న టిఫినుకి అంబాజీపేట చేరండి. పనసాకులు పుల్లలతో కుట్టిన బుట్టల్లో పిండి పోసి ఆవిరి మీద ఉడికించే పొట్టిక్కలు అక్కడి ప్రత్యేకత. ఆకు వాసన పిండికి పట్టాలంటే వేడివేడిగా విప్పుకోవాలి. పనిలో పనిగా కొబ్బరి మార్కెట్ కూడా చూసేయండి.

ఆఖరున యానాం. మీరొచ్చే రోజులకి చీరమేను పడుతూ ఉండాలి. దారప్పోగుల్లాంటి చేపపిల్లలు, తూర్పుగాలికి వస్తాయంటారు. చీరలతో వడకట్టి పడతారు. గ్లాసుతోనూ తవ్వతోనూ కొలిచి అమ్ముతారు. కొన్ని వారాలే ఆ భాగ్యం. చింతకాయ వేసి ఇగురు పెట్టినా, గారెలు వేసినా బావుంటుంది. కార్తీక నియమం ఉన్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే బలవంతపెట్టకండి. రోడ్డు పక్కన తేగల కట్టలు దిగి ఉంటే వాళ్లకి అవి కొనిపెట్టండి.

రేవు దగ్గర అమ్మే ఆడవాళ్లకి 500 నోటు ఇచ్చి చిల్లర కోసం నిలబెట్టొద్దు, చిన్ననోట్లు దగ్గరుంచుకోండి. మూతగట్టిగా ఉండే స్టీలు డబ్బా ఒకటి, గుడ్డసంచి ఒకటి తెచ్చుకోండి. చీరమేను అక్కడ వండించుకోవడం కుదరకపోతే డబ్బాలో ఐసు వేయించుకుని సాయంత్రానికి మా ఇంటికి వచ్చేయండి, నేను వండిపెడతాను. మధ్యాహ్నం బయల్దేరేముందు ఫోన్ చెయ్యి, చింతకాయలు తెప్పించి ఉంచుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ