కంప్యూటరు మానిటరు: అమరిక, ఆరోగ్యము, పరిసరముల రక్షణ

కంప్యూటరులో జరుగు పనిని కంటికి కనబడునట్లు చేయు తెరకు మానిటరు అని పేరు. దీనికి తెలుగున కొన్ని పేర్లు కల్పింపబడినవి గాని, అవి అంగడిలోగాని కార్యాలయములలోగాని చెల్లుబడి కాలేదు. కావున ఈ కరపత్రమున వాడుకలోనున్న మాటయే గ్రహింపబడినది. ఒకప్పుడు బ్యాంకులలోను, రైలు టిక్కెట్లు ఇచ్చుచోట్లను మాత్రమే కనిపించిన ఈ వస్తువు నేడు మీసేవ కేంద్రములకు, ఆసుపత్రిలో చీట్లు వ్రాయు కిటికీలకు, అచ్చు పని చేయువారి గదులకు, పిల్లలు చదువుకొను బల్లలకు వచ్చి చేరినది. దీని యెదుట దినమునకు ఎనిమిది గంటలు కూర్చుండువారు ఎందరో కలరు.

మానిటరు మనుష్యుని ఆరోగ్యమును రెండు సమయములందు తాకును. బల్లమీద నున్నప్పుడు కన్నులను, మెడను శ్రమపెట్టును. పనికిరాక పారవేయబడిన తరువాత గాలిని, నీటిని, నేలను చెరుపగలదు. మొదటి బాధ దాని యెదుట కూర్చుండువానికి వెంటనే తెలియును. రెండవది అతనికి తెలియనే తెలియదు, ఏలననగా ఆ బాధ పడువారు వేరొకరు.

బల్లమీద ఉంచవలసిన తీరు

తెర కంటికి మిక్కిలి దగ్గరగా ఉండరాదు. చాచిన చేతి వ్రేళ్లు తెరను తాకునంత దూరము సాధారణముగా సరిపోవును. అది 50 మొదలు 70 సెంటీమీటర్ల వరకు ఉండును. మూరతో కొలిచినచో మూరెడుకు తక్కువ గాకుండను, మూరన్నరకు ఎక్కువ మించకుండను ఉన్న దూరమని చెప్పవచ్చును. తెర పెద్దదైనచో ఇంకను కొంత వెనుకకు జరుపవలెను.

తెర పై అంచు కంటి మట్టమునకు సమముగాగాని, దానికి కొంచెము దిగువగాగాని ఉండవలెను. కన్ను నేరుగా చూచుటకంటె కొద్దిగా క్రిందికి చూచునప్పుడే సుఖముగా ఉండును. పైగా అప్పుడు రెప్ప కొంత వాలి యుండుటచేత కంటి తడి త్వరగా ఆరిపోదు. మానిటరును బీరువామీదనో, గోడకు ఎత్తుగానో అమర్చినచోట్ల పనిచేయువారు తల వెనుకకు వంచి చూచుచుందురు. కొన్ని వారములు గడచునప్పటికి మెడనొప్పి, భుజముల నొప్పి మొదలగును. వీరికి తైలములు రాచుటకంటె తెరను నాలుగు అంగుళములు దింపుట మేలు.

నలువది యేండ్లు దాటినవారి విషయము వేరుగా చెప్పవలసి యున్నది. చత్వారము వచ్చినవారు రెండు దృష్టుల అద్దములు పెట్టుకొందురు. అందు దగ్గరి వస్తువులను చూపు భాగము అద్దమునకు అడుగున ఉండును. తెర ఎత్తుగా నున్నచో వారు ఆ భాగముగుండ చూచుటకై గడ్డము పైకెత్తవలసి వచ్చును. అట్టివారు తెరను ఇంకను దిగువకు దింపి, దాని పైభాగమును వెనుకకు వాల్చుకొనవలెను. లేదా తెర ఉన్న దూరమును వైద్యునకు చెప్పి, ఆ దూరమునకే తగిన కళ్లద్దములు వేరుగా వ్రాయించుకొనవలెను. చదువుటకు ఇచ్చిన అద్దములు పుస్తకము ఉండు దూరమునకు సరిపడునవి. తెర అంతకంటె దూరముగా ఉండును.

అక్షరముల పరిమాణమును గురించి తెలుగువారు ప్రత్యేకముగా శ్రద్ధ వహించుట మంచిది. ఇంగ్లీషు అక్షరములు ఒకదాని ప్రక్క ఒకటి వచ్చును గాని, తెలుగున వత్తులు అక్షరము క్రిందికి చేరును. ‘స్వాతంత్ర్యము’ అను ఒక్క మాటలో ఎన్ని గీతలు ఎంత చోటులో ఇరుకుకొనునో గమనింపవచ్చును. ప, ఫలకును, డ, ఢలకును ఉన్న భేదము ఒక చిన్న గీత మాత్రమే. ఇంగ్లీషునకు చాలిన పరిమాణములోనే తెలుగును చదువబూనినచో తెలియకయే మొగము తెరమీదికి వంగును. మొగము వంగినచో మెడ వంగును, నడుము కుర్చీ వీపును విడిచి ముందునకు వచ్చును. ప్రూఫులు దిద్దువారికి ఇది నిత్యానుభవము. అక్షరమును పెద్దది చేసికొనుట రెండు నొక్కుల పనియే గాని, చాలమంది చేయరు.

వెలుతురు, రెప్పపాటు

కిటికీ తెరకు వెనుకగాని, కూర్చున్నవాని వీపునకు వెనుకగాని ఉండరాదు. మొదటి తీరున కంటిలో ఎండవెలుగు పడును. రెండవ తీరున ఆ వెలుగు తెరమీద ప్రతిఫలించి అక్షరములను కప్పివేయును. కిటికీ ప్రక్కనుండునట్లు బల్లను త్రిప్పుట అన్నిటికంటె సులభమైన చికిత్స. తెర కాంతియు గదిలోని వెలుతురును ఇంచుమించు సమముగా ఉండవలెను. తెర ప్రక్కన ఒక తెల్లకాగితము నుంచి చూచినచో ఇది తెలిసిపోవును. తెర దీపమువలె వెలుగుచున్నచో కాంతిని తగ్గింపవలెను, మాసినట్లున్నచో పెంచవలెను. చీకటి గదిలో తెర ఒక్కటియే వెలుగుచుండగా పనిచేయుట మంచి అలవాటు కాదు.

మనుష్యుడు సాధారణముగా నిమిషమునకు 15 మొదలు 20 సార్లు రెప్ప వేయును. తెరవంక తదేకదృష్టితో చూచునప్పుడు ఈ సంఖ్య సగమునకును, ఒక్కొక్కప్పుడు అంతకు తక్కువకును పడిపోవును. కంటిమంట, ఇసుక పడినట్లుండుట, సాయంకాలమునకు చూపు మసకగుట అనువానికి ముఖ్యకారణమిదియే. ఫ్యాను గాలి, శీతల యంత్రపు గాలి నేరుగా మొగముమీదికి వచ్చుచున్నచో బాధ ఇంకను హెచ్చును. ఇరువది నిమిషములకొకసారి, ఇరువది అడుగుల దూరముననున్న వస్తువును ఇరువది సెకండ్లు చూడవలెనని నేత్రవైద్యులు చెప్పుదురు. గంటకొకసారి లేచి నాలుగడుగులు నడచుట వెన్నునకు మంచిది.

తెరలోని నీలివెలుగు కంటిపొరను కాల్చివేయునను భయము ప్రజలలో వ్యాపించియున్నది. ఆ వెలుగును అడ్డునని చెప్పి అద్దములు అధికమైన వెలకు అమ్ముచున్నారు. తెరనుండి వచ్చు నీలివెలుగు పగటి ఆకాశమునుండి వచ్చుదానికంటె ఎంతో తక్కువ. 2023లో ప్రకటింపబడిన కాక్రేన్ సమీక్ష ఈ అద్దములవలన కంటి శ్రమ తగ్గినట్లు నిదర్శనము కనబడలేదని తేల్చెను. ఐతే రాత్రి పడుకొనబోవు ముందు చాలసేపు వెలుగుచున్న తెరను చూచుట నిద్రకు భంగము కలిగింపవచ్చును.

విద్యుత్తు

మన దేశమున ఇండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులు. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను ఎర్తు తీగకు చెందినది. గోడలోని రంధ్రమునకు సరిపడలేదని దానిని విరిచివేయుట, ఒకే బోర్డునకు ఏడెనిమిది తీగలు తగిలించుట ప్రాణాపాయకరములు. మానిటరు వెనుక గాలి ఆడుటకు జానెడు చోటు విడువవలెను, గాలి రంధ్రములను గుడ్డతో కప్పరాదు. తుడుచునప్పుడు మీట కట్టివేసి, మెత్తని పొడిగుడ్డతో తుడువవలెను.

పాత గాజుగొట్టపు మానిటరుల విషయమున మరియొక హెచ్చరిక. వాని లోపల సుమారు 25,000 వోల్టుల విద్యుత్తు పుట్టును. మీట కట్టివేసిన తరువాతను అది కొంతకాలము నిలిచియుండగలదు. గొట్టములో గాలి యుండదు గనుక దెబ్బ తగిలినచో లోపలికి కుప్పకూలి, గాజుముక్కలు నలువైపుల చిమ్మును. వెనుక మూతను ఇంటిలో విప్పరాదు.

ప్రమాణములు ఎట్లు ఏర్పడినవి

మానిటరుల ప్రమాణములకు పుట్టినిల్లు స్వీడను దేశము. ఇరువదవ శతాబ్ది చివరి దశకములలో గుమాస్తాలు, టైపిస్టులు గాజుగొట్టపు తెరలయెదుట పనిచేయుచు, వానినుండి వెలువడు విద్యుత్ క్షేత్రములను గురించి భయపడిరి. అక్కడ 1987లో మొదటి పరీక్షావిధానమును, 1990లో దాని సవరించిన రూపమును ఏర్పడెను. ఎమ్.పి.ఆర్.–2 అను ఈ రెండవదాని ప్రకారము తెరకు 50 సెంటీమీటర్ల దూరమున తక్కువ పౌనఃపున్యపు విద్యుత్ క్షేత్రము మీటరుకు 25 వోల్టులకును, అయస్కాంత క్షేత్రము 250 నానోటెస్లాలకును మించరాదు. 1992లో స్వీడను ఉద్యోగుల సంఘముల సమాఖ్యయగు టి.సి.ఓ. అంతకంటె కఠినమైన గుర్తును ప్రవేశపెట్టెను. యజమానులుగాని ప్రభుత్వముగాని గాక, పనిచేయువారి సంఘమే ఒక ప్రమాణమును నిర్ణయించి లోకముచేత ఒప్పించుట గమనింపదగినది. తరువాతి కాలమున ఆ గుర్తు తెర స్పష్టతను, విషద్రవ్యములను, తయారు చేయు కార్మికుల స్థితిని గూడ లెక్కలోనికి తీసికొనెను.

ఆ 1992లోనే అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఎనర్జీ స్టార్ అను గుర్తును ప్రారంభించెను. మొదట ఆ గుర్తు పొందినవి కంప్యూటర్లు, మానిటరులే. దీని ప్రయోజనము లెక్కతో తెలియును. 80 వాట్ల గాజుగొట్టపు మానిటరు దినమునకు ఎనిమిది గంటల చొప్పున నెలకు 25 దినములు వెలిగినచో 16 యూనిట్లు ఖర్చగును. 20 వాట్ల ఎల్.ఇ.డి. మానిటరునకు 4 యూనిట్లు చాలును.

భారతదేశమున 2012 నాటి ఉత్తర్వుద్వారా ఎలక్ట్రానిక్ వస్తువులకు నిర్బంధ నమోదు ఏర్పాటు చేయబడినది. విద్యుత్తువలన దెబ్బ తగులుట, నిప్పంటుకొనుట వంటి అపాయములు లేవని పరీక్షింపబడిన వస్తువునకు భారతీయ ప్రమాణముల సంస్థ ఒక సంఖ్య నిచ్చును. అది ‘ఆర్’ అను ఇంగ్లీషు అక్షరముతో ప్రారంభమగును. కొనువారు మానిటరు వెనుక అంటించిన చీటీపై ఈ సంఖ్య యున్నదో లేదో చూడవలెను. బి.ఐ.ఎస్. కేర్ అను ఫోను సాధనముద్వారా అది నిజమైనదో కాదో తెలిసికొనవచ్చును. వెల తక్కువయని సంఖ్య లేనిదానిని కొనుట లాభము కాదు.

సీసము, పాదరసము

గాజుగొట్టములో ఎలక్ట్రానులు తెరను కొట్టునప్పుడు కొద్దిగా ఎక్స్ కిరణములు పుట్టును. అవి బయటికి రాకుండుటకై గాజులో సీసము కలిపిరి. గరాటువంటి వెనుక భాగపు గాజులో సుమారు ఐదవ వంతు సీసపు ఆక్సైడే. అనగా యెదుట కూర్చున్నవానిని కాపాడుటకు చేర్చిన పదార్థమే, గొట్టమును పగులగొట్టువానికి విషమగుచున్నది. తరువాత వచ్చిన పలుచని తెరలలో మొదటివానికి వెనుక దీపములుగా సన్నని గాజుగొట్టములుండెడివి, వానిలో కొన్ని మిల్లిగ్రాముల పాదరసము ఉండును. ఎల్.ఇ.డి. దీపములు గల తెరలలో ఆ పాదరసము లేదు.

పాదరసపు గొట్టము ఇంటిలో పగిలినచో కిటికీలు తెరచి, పిల్లలను బయటికి పంపి, కొంతసేపు గదిని విడువవలెను. చీపురుతో ఊడ్వరాదు. దట్టమైన అట్టముక్కతో పెంకులను ఎత్తి, తడిగుడ్డతో అద్ది, మూత గల సీసాలో వేసి వేరుగా ఉంచవలెను.

విషద్రవ్యములకు హద్దులు విధించుటలో యూరోపు ముందు నడచినది. అక్కడి చట్టము 2006 జూలై 1 నుండి అమలులోనికి వచ్చెను. మన దేశమున 2011 నాటి నిబంధనల క్రింద అవే హద్దులు 2014 మే 1 నుండి వర్తించినవి. సీసము, పాదరసము, ఆరవ సంయోజకతగల క్రోమియము, నిప్పంటుకొనకుండ ప్లాస్టిక్కులో కలుపు రెండు జాతుల బ్రోమిను పదార్థములు ఒక్కొక్కటి 0.1 శాతమునకు మించరాదు. మూత్రపిండములను, ఎముకలను చెరుపు కాడ్మియము 0.01 శాతమునకు మించరాదు. కొన్ని భాగములకు మాత్రము మినహాయింపులు కలవు.

పారవేసిన మానిటరు ఎక్కడికి పోవును

2022లో ప్రపంచమంతట 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థము ఏర్పడినదనియు, అందు సరియైన పద్ధతిలో శుద్ధి జరిగినట్లు లెక్కకు వచ్చినది 22.3 శాతమేననియు అంతర్జాతీయ నివేదిక తెల్పుచున్నది. మిగిలినదానిలో చాలభాగము పాతసామాను కొనువారి బండ్లమీద పోవును. ఢిల్లీలోని సీలంపూరు, ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాదు ఈ పనికి పేరుపడిన చోట్లు.

అక్కడ జరుగునది ఇట్టిది. గొట్టము మెడ చుట్టునున్న రాగిచుట్ట కొరకు గాజును సుత్తితో పగులగొట్టుదురు. రాగి ధర పలుకును, సీసపు గాజు నేలమీద మిగులును. తీగలపై ప్లాస్టిక్కును కాల్చి రాగిని తీయుదురు, ఆ పొగలో డయాక్సినులు అను విషములు ఉండును. సర్క్యూటు పలకలను ఆమ్లములో ముంచి, మిగిలిన నీటిని కాలువలోనికి వదలుదురు. చిన్న భాగములను ఊడదీయుటకు చిన్న చేతులు అనుకూలములని పిల్లలను గూడ ఈ పనిలో పెట్టుదురు. సీసము విషయమున ఇంతవరకు హాని లేదని చెప్పదగిన మోతాదు ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అది పిల్లల మెదడు పెరుగుదలను కుంటుపరచును, ఆ నష్టము తిరిగి పూడదు. ఈ పనివారిని నిందించుట న్యాయము కాదు. వారు ఆ పని చేయుట పూటకూటి కొరకు, వారికి సామాను చేర్చినవారు ఇతరులు.

2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఇ–వ్యర్థ నిబంధనల ప్రకారము, తాను అమ్మిన వస్తువులకు తగినంత వ్యర్థము నమోదైన కర్మాగారమున శుద్ధి యగునట్లు చూచు బాధ్యత ఉత్పత్తిదారునిది. పెద్ద మొత్తమున వాడు కార్యాలయములు, కళాశాలలు తమ పాత సామానును నమోదైనవారికే ఇయ్యవలెను, సామాన్య వేలములో పాతసామాను కొనువారికి అమ్మరాదు. చక్రములు గల చెత్తబుట్టపై అడ్డుగీతలు గీసిన గుర్తు ఉన్న వస్తువును ఇంటి చెత్తతో కలుపరాదని అర్థము.

గృహస్థులు పాత మానిటరును విప్పకుండ, పగులగొట్టకుండ, వాననీరు తగులనిచోట ఉంచి, ఉత్పత్తిదారుని సేకరణ కేంద్రమునకుగాని నమోదైన శుద్ధి కర్మాగారపు వాహనమునకుగాని అప్పగింపవలెను. నమోదైనవారి పట్టిక కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివద్ద లభించును. ఇంకను పనిచేయుచున్న పలుచని తెరను పాఠశాలకిచ్చుట మెచ్చదగినదే గాని, గాజుగొట్టపు మానిటరును దానముగా ఇచ్చుట తన బరువును ఇతరుల నెత్తిన పెట్టుటయే. అప్పగించునప్పుడు వస్తువు పేరు, సంఖ్య, తేదీ వ్రాసిన రసీదు అడిగి తీసికొనవలెను. కార్యాలయములు దానిని సామాను పట్టికతోపాటు భద్రపరుపవలెను.