మరమనిషికి ధర్మసూత్రాలు: ఆచరణ సాధ్యమేనా?

'రోబో' అనే మాట పుట్టుకలోనే చాకిరీ ఉన్నది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన నాటకంతో ఈ పదం లోకానికి పరిచయమైనది. ఆ భాషలో 'రొబోటా' అనగా నిర్బంధ శ్రమ; మన తెలంగాణలో ఒకప్పుడు వెట్టి అన్నది అటువంటిదే. ఆ నాటకంలో మరమనుషులు తిరగబడి మానవజాతిని తుడిచిపెడతారు.

ఈ భయానికి విరుగుడా అన్నట్లు అమెరికన్ రచయిత ఐజాక్ అసిమోవ్ 1942లో 'రనరౌండ్' అనే కథలో మూడు సూత్రాలు చెప్పినాడు. మరమనిషి మానవునికి హాని చేయరాదు, హాని జరుగుతుంటే ఊరకుండరాదు. దీనికి భంగం లేనంతవరకు మానవుని ఆజ్ఞ పాటించాలి. ఈ రెండింటికీ భంగం లేనంతవరకు తన్ను తాను కాపాడుకోవాలి. వినుటకు ఇవి నిర్దుష్టంగా ఉన్నవి. ఆచరణలో నిలుచునా అన్నదే మేము పరిశీలించదలచిన విషయం.

ఆ సూత్రాలను మొదట పరీక్షకు పెట్టినవాడు అసిమోవే. ఆ కథలో బుధగ్రహంపై సెలీనియం తెమ్మని ఒక మరమనిషిని పంపుతారు. ఆజ్ఞ ముందుకు తోస్తుంది, అపాయం వెనుకకు లాగుతుంది. అది ఎటూ తేల్చుకోలేక గుండ్రంగా తిరుగుతూ ఉండిపోతుంది. చివరకు ఒక మనిషి తన ప్రాణాన్ని అపాయంలో పెట్టి, మొదటి సూత్రాన్ని మేల్కొలుపవలసి వస్తుంది.

మేము యంత్రశాస్త్రజ్ఞులం కాము, భాషను బోధించేవారం. కనుక మాకు కనబడే చిక్కు మాటలలోనే ఉన్నది. 'హాని' అనగా ఏమి? శస్త్రవైద్యుని కత్తి శరీరాన్ని కోసినా అది హాని కాదు. తీపిమాట చర్మాన్ని గీరదు, కాని మోసమైతే హానియే. మన అలంకారశాస్త్రం పదానికి అభిధ, లక్షణ, వ్యంజన అని మూడు శక్తులు చెప్పినది. సందర్భం ఎరిగినవాడే వాటిని గ్రహించగలడు. యంత్రానికి సూత్రం ఇచ్చుట సులభం, సందర్భం ఇచ్చుట కష్టం.

'హాని' సంగతి అటుంచి, 'మానవుడు' అన్న మాటనైనా యంత్రం గుర్తించునా? అమెరికాలో ఆరిజోనా రాష్ట్రపు టెంపీ నగరంలో 2018 మార్చి 18 రాత్రి ఊబర్ సంస్థ పరీక్షిస్తున్న స్వయంచాలిత కారు ఢీకొని, సైకిలును నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక స్త్రీ మరణించినది. రవాణా భద్రతా మండలి విచారణలో తేలిన సంగతులు గమనించదగినవి. ఢీకొనుటకు 5.6 సెకన్ల ముందే యంత్రం ఆమెను పసిగట్టినది. అయితే వాహనమనీ, మరేదో వస్తువనీ, సైకిలనీ లెక్క మార్చుకుంటూ పోయినది. దాటుటకు గుర్తులు లేని చోట పాదచారి రావచ్చునన్న ఊహ ఆ ప్రోగ్రాములో లేదు. కారుకు తయారీలోనే అమర్చిన అత్యవసర బ్రేకును పరీక్షల వేళ పనిచేయకుండా చేసి ఉంచినారు. పర్యవేక్షణకు కూర్చున్న ఉద్యోగి దృష్టి సెల్‌ఫోనుపై ఉన్నది.

ఆ కారులో అసిమోవ్ మొదటి సూత్రం రాసిపెట్టి ఉన్నా ఫలితం మారేది కాదు. ఎదుట ఉన్నది మనిషి అని తెలియనిదే మనిషిని కాపాడుమన్న సూత్రం పనిచేయదు. తరువాత జరిగినది కూడా ఆలోచించదగినదే. సంస్థపై నేరం మోపుటకు ఆధారం లేదని 2019లో ప్రాసిక్యూటర్ తేల్చినారు. కారులోని ఉద్యోగి 2023లో నేరం అంగీకరించగా మూడేళ్ల ప్రొబేషన్ విధించబడినది. బ్రేకును ఆపివేయుమన్న నిర్ణయానికి ముద్దాయిగా నిలబడినవారు లేరు.

అయితే నియమాలు వ్యర్థమా? కావు. కర్మాగారాలలో యంత్రహస్తం చుట్టూ కంచె కట్టి, తలుపు తెరవగానే అది ఆగిపోయేటట్లు ఏర్పాటు చేస్తారు. అక్కడ యంత్రానికి ధర్మం తెలియనక్కరలేదు. కంచె కట్టినవానికి తెలిస్తే చాలును. 2010లో బ్రిటన్ పరిశోధన మండలులు సమావేశపరచిన నిపుణులు ఐదు సూత్రాలు కూర్చి, బాధ్యత మనుషులదే గాని మరమనుషులది కాదన్నారు. ప్రతి మరమనిషికీ చట్టరీత్యా బాధ్యుడెవరో తెలియాలన్నారు. జర్మనీలో ప్రభుత్వం నియమించిన నీతిసంఘం 2017లో స్వయంచాలిత వాహనాలకు 20 నియమాలు ప్రకటించి, తప్పించలేని ప్రమాదంలోనైనా వయస్సు, స్త్రీపురుష భేదం చూచి ప్రాణాలను ఎంచరాదన్నది. ఇవన్నీ ప్రధానంగా యంత్రాన్ని చేసేవారికి విధించిన కట్టుబాట్లు. కనుకనే వీటిని ఆచరణలో పెట్టుట సాధ్యమని మా అభిప్రాయం.

ప్రియ విద్యార్థులారా, మీలో కొందరు రేపు హైదరాబాదులోనో, విదేశాలలోనో ఇటువంటి ప్రోగ్రాములు రాయబోతున్నారు. ఈ యంత్రం ముందుకు ఎవరెవరు రావచ్చును? వారందరినీ లెక్కలోకి తీసుకున్నామా? తప్పు జరిగితే జవాబు చెప్పేది ఎవరు? పని మొదలుపెట్టే ముందే ఈ ప్రశ్నలు వేసుకొనుడు. టెంపీలో రోడ్డు దాటిన స్త్రీని ఆనాడు ఎవరూ లెక్కలో చేర్చలేదు. ఆ లోటు పూడ్చే బాధ్యత మనుషులదే.